నీల్స్ తాత సిలువ

రాత్రి పెట్టిన బంగాళాదుంపలు పెట్టినట్టే ఉన్నాయి. ఆర్డిస్ ఆ పళ్ళెం తీసి, వేడి పళ్ళెం అక్కడ పెట్టి, పైన తువ్వాలు కప్పింది.

"మామయ్యా, అన్నం మీద అలిగితే ఎవరికి నష్టం చెప్పండి? కనీసం ఆ గుడ్డయినా తినండి."

సెల్మర్ తల ఎత్తలేదు. పెరట్లో ఉన్న ఈ వేసవి వంటింట్లో ఆగస్టులో టమాటాలు ఉడకబెట్టేటప్పుడు తప్ప ఎవరూ అడుగు పెట్టరు. మే నెలలో ఇంకా గోడలు చల్లగా తగులుతుంటాయి. అలాంటి చోటికి ఎనభై నాలుగేళ్ళ మనిషి మంగళవారం నాడు తన కుర్చీ తనే మోసుకొచ్చి వేసుకున్నాడు. అప్పటినుంచీ ఆయన అక్కడే, ఆయన పక్కన పొయ్యికి ఆనించి ఆ ఇనుప సిలువ.

మనిషి నడుం ఎత్తు ఉంటుంది. అడుగున ఇంకా చర్చి తోటలోని నల్లమట్టి అంటుకునే ఉంది. అడ్డపట్టీ మీద 'నీల్స్ బ్రోటెన్' అని కొట్టిన అక్షరాలు తుప్పులోంచి కూడా కనిపిస్తున్నాయి. నార్వే నుంచి అమెరికా వచ్చినవాళ్ళు ఈ పొలంలో మొదటి దుక్కి దున్నిన నాగలి ఇనుము కరిగించి కమ్మరి చేత చేయించిన సిలువ అది. అరవై ఏళ్ళుగా నీల్స్ తాత సమాధి తలవైపు నిలబడి ఉన్నదాన్ని సెల్మర్ కూతురు వెర్నా, చర్చి మనుషుల చేత పీకించి, పార ఎక్కడ పెడతామో అక్కడ, కొట్టంలో, పెట్టించింది. సెల్మరే దాన్ని అక్కడినుంచి ఇక్కడికి తెచ్చుకున్నాడు. కొత్త నల్లరాయికి చోటు కావాలి కదా.

"రాయి ఈ పూటే వస్తుందట కదా," అన్నాడు సెల్మర్. ఆ పూట ఆయనంతట ఆయన మాట్లాడిన మొదటి మాట.

"పన్నెండు లోపల తెస్తామన్నారు. నార్వే ఆయన కూడా వస్తున్నాడు. మీ అబ్బాయి బస్సు దగ్గరికి వెళ్ళారు."

"దాని మీద మా నాయనమ్మ పేరు ఎవరి పక్కన చెక్కించిందో చూశావా?"

చూడకేం, వెర్నా ఆ నమూనా కాయితం ఊరందరికీ చూపించింది. 'టొలెఫ్ బ్రోటెన్, భార్య గున్‌హిల్డ్. మా వంశానికి మూలపురుషుడు.'

"టొలెఫ్‌తో ఆవిడ కాపరం ఒక్క చలికాలం కూడా నిండలేదు. నీల్స్ తాతతో నలభై ఏళ్ళు. సమాధిలోనూ ఆయన పక్కనే పడుకుంది. నా కూతురు ఇప్పుడెళ్ళి మా నాయనమ్మకి మళ్ళీ పెళ్ళి చేసింది."

నవ్వొచ్చే మాటే. కానీ ఆయన గొంతు అలా లేదు.

"నిన్న నాకు చెప్పిందంతా వదినకే చెప్పెయ్యొచ్చు కదా మామయ్యా. మీ నోటితో చెబితే వింటుంది."

"మూడేళ్ళు తిరిగింది. చర్చిని అడిగింది, కచేరీని అడిగింది, సముద్రం అవతల వాళ్ళని అడిగింది. నన్ను ఒక్కమాట అడిగిందా? ఆయన ఒళ్ళో కూచుని పెరిగినవాణ్ణి, ఎదురుగుండా ఉన్నాను." సెల్మర్ సిలువ మీది మట్టిని గోటితో గీకాడు. "ఇప్పుడు దాని మొహం చూస్తే నాకు నోరు రాదు. దీపం పెట్టినట్టుంది. నువ్వు చెబుతావో మానుతావో నీ ఇష్టం. రేపు ఆదివారం ఆ రాయి దగ్గరికి మాత్రం నేను రాను."

ఆర్డిస్ పాత పళ్ళెం పట్టుకుని బయటికొచ్చింది. ఇటు పోతే గొయ్యి, అటు పోతే నుయ్యి. రేపు ప్రార్థన అయ్యాక ఊరంతా చర్చి తోటలో నిలబడుతుంది, ఇంటికి పెద్దాయన లేకుండా ఆ రాయి మీద గుడ్డ తీస్తారు. లేదంటే ఈ పూటే తను నోరు విప్పాలి.

నోరు విప్పితే ఏం చెప్పాలో ఆమెకు బాగా తెలుసు. అదే ఆమె భయం. ఎందుకంటే ఆ మాట చెప్పాలని లోలోపల ఆమెకు ఎంత ఆశగా ఉందో కూడా ఆమెకే తెలుసు.

*

వంటింట్లో వెర్నా అప్పటికే అలమరలోని కప్పులన్నీ బల్ల మీదికి దింపేసింది. పుల్లటి రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన పై రొట్టె ఒకటి తెచ్చింది, ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ ఒకటి తెచ్చింది, టౌనులో బడిపంతులుగా చేసి రిటైరైన గొంతు ఎలాగూ ఎప్పుడూ తెచ్చుకుంటుంది.

"ఇదేంటి ఆర్డిస్, ఈ కప్పు చెవి విరిగింది. దీన్ని ఇంకా అలమరలో పెట్టుకున్నావా?"

"పిండి కొలుచుకోవడానికి వదినా."

"నార్వే నుంచి మనిషి వస్తున్నాడు. బ్రోటెన్ల సొంత పొలంలోంచి, అదే గడపలోంచి. అతని ముందు ఇదా? మీ ఇంట్లో ఏ కప్పయినా చెల్లేదేమో, ఇక్కడ చెల్లదమ్మా."

ఆర్డిస్ కాఫీ పొడిలోకి గుడ్డు పగలగొట్టింది. కాస్త గట్టిగానే పగిలింది.

మీ ఇంట్లో. ముప్ఫై అయిదేళ్ళుగా ఈ రెండు మాటలూ ఆమె వింటూనే ఉంది. ఆర్డిస్ తండ్రి ఇదే పొలంలో పాలేరు. ఏటి అవతల ఇసుక నేలలో రెండు గదుల ఇల్లు. ఓర్లిన్ ఆమెను చేసుకుంటానన్నప్పుడు అత్తగారు మూడు రోజులు మంచం దిగలేదు. వెర్నా అయితే "మన వెనకాల పేడ ఎత్తిన మనిషి కూతురు మన బల్ల దగ్గర కూచుంటుందా" అని అందరూ వినేట్టే అంది. అప్పుడు సెల్మర్ ఒక్కటే అన్నాడట: "పాలేరు కూతురైతే ఏం? ఆ పిల్లని రానీండి." అనేసి పాలు పితకడానికి వెళ్ళిపోయాడు. ఆ మాట ఎందుకన్నాడో ఆర్డిస్‌కి నిన్నటిదాకా తెలియలేదు.

"నాన్న ఇంకా ఆ వేసవి వంటింట్లోనేనా?" అంది వెర్నా, గుడ్డ పరుస్తూ.

"అక్కడే."

"ముసలితనం. ఒక తుప్పు ఇనుము కోసం ఇంత రాద్ధాంతమా? నీల్స్‌ని పారేశామా ఏమన్నా? టొలెఫ్‌కి తమ్ముడు, అన్న పోయాక వదినని ఆదుకున్నాడు, మంచివాడు. వచ్చే ఏడు ఆయనకీ కాళ్ళ దగ్గర చిన్న పలక పెట్టిద్దాం. కానీ వంశానికి మొదలు టొలెఫ్ కదా? అది ఒప్పుకోవాలా వద్దా?"

వెర్నా తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. పాపం, ఆ కుందేలు వెనక మూడేళ్ళు పరిగెత్తింది మాత్రం నిజం. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. బడి అయిపోయాక టౌనులో ఆ ఒంటి ఇంట్లో ఏం చెయ్యాలో తోచక, తన ముందువాళ్ళని వెతుక్కుంటూ బయల్దేరింది. బ్రోటెన్ అనే పొలం నార్వేలో ఇప్పటికీ ఉందని తెలిసిన రోజున వానలో కారు నడుపుకుంటూ వచ్చి, తడి కోటుతోనే ఆర్డిస్‌ని కావలించుకుంది. జన్మలో ఆ ఒక్కసారే.

అది గుర్తొచ్చి ఆర్డిస్ నోటి చివరికి వచ్చిన మాటను మింగేసింది.

"ఏంటి, ఏదో అనబోయావు?"

"ఏం లేదు. కాఫీ పొంగుతోంది."

"వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను, నీ మొహంలో ఏదో ఉంది. నాన్న నీతో ఏం చెప్పాడు?"

"ఆయనేం చెబుతారు వదినా. గుడ్డు కూడా తినడం లేదు."

"నాతో చెప్పనిది నీతో చెబుతాడు. ఎప్పుడూ అంతే." వెర్నా చెంచాలు సర్దుతున్న చేతులు ఆగాయి. "కన్నకూతుర్ని నేను."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఆర్డిస్ పొంగుతున్న కాఫీని పొయ్యి మీంచి దించింది. అప్పుడే వాకిట్లో ఓర్లిన్ ట్రక్కు ఆగింది.

*

సిగుర్డ్ బ్రోటెన్ పొడుగాటి మనిషి. అరవై దాటిన రైతు, చేతులు చూస్తేనే తెలుస్తుంది. గడప దగ్గరే బూట్లు విప్పేశాడు. ఆచితూచి, మాట మాట వెతుక్కుంటూ మాట్లాడతాడు.

"కాఫీ తీసుకోండి," అంది ఆర్డిస్.

"అబ్బే, వద్దండి."

"ఒక్క కప్పు."

"మీకెందుకు శ్రమ."

"కాచి ఉంచిందే కదా."

"అయితే సగం పొయ్యండి."

మూడోసారికి ఒప్పుకున్నాడని వెర్నా మురిసిపోయింది. "చూశావా ఓర్లిన్, అచ్చం మనలాగే. రక్తం ఎక్కడికి పోతుంది?"

ఓర్లిన్ తల ఊపాడు. ఇంట్లో గొంతులు లేచినప్పుడల్లా అతనికి పొలంలో పని గుర్తొస్తుంది. ఇప్పుడింకా ఎవరి గొంతూ లేవలేదు గానీ, భార్య మొహం చూసి కిటికీలోంచి మొక్కజొన్న చేను వైపు ఒక చూపు వేసి పెట్టుకున్నాడు.

సిగుర్డ్ కాఫీ గుక్కెడు తాగి, కప్పులోకి చూశాడు. "చాలా బాగుంది. ఇంత తేటగా ఎలా వచ్చిందండీ?"

"గుడ్డు వేస్తాం కదా. పొడినంతా అదే పట్టేస్తుంది."

"గుడ్డా? కాఫీలోనా?"

"మీ ఊరి పద్ధతే కదండీ అది," అంది వెర్నా. "మా పెద్దవాళ్ళు అక్కడినుంచి తెచ్చుకున్నదే."

"మా ఊళ్ళో గుడ్డు తింటామండీ," అన్నాడు సిగుర్డ్ మర్యాదగా. "కాఫీలో వేస్తారని ఇప్పుడే వింటున్నాను."

ఓర్లిన్ కప్పు చాటున నవ్వుకున్నాడు. వెర్నా దాన్ని పట్టించుకోలేదు. గోడకున్న టొలెఫ్ వంశవృక్షం చూపించింది, రేపు చర్చిలో అతన్ని ఎక్కడ కూచోబెడతారో చెప్పింది, రాయి మీద గుడ్డ అతని చేతే తీయిద్దామనుకున్నానని చెప్పింది. "టొలెఫ్ పుట్టిన ఇంటివాళ్ళు, టొలెఫ్ కన్న ఇంటివాళ్ళు. వందేళ్ళు దాటాక మళ్ళీ ఒక్క రక్తం ఒకచోట నిలబడడం అంటే మాటలా?"

సిగుర్డ్ కప్పు కింద పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, ఇది ఉత్తరంలోనే రాయాల్సింది. మీరు అంత సంతోషంగా రాస్తుంటే నాకు చెయ్యి రాలేదు. మా నాన్నది పక్క లోయ. ఆయన బ్రోటెన్ పొలం కొనుక్కున్నాడు, నేను పుట్టాక. అప్పటినుంచీ మేము బ్రోటెన్లం. అంతకుముందు మా ఇంటిపేరు వేరే."

"కొనుక్కుంటే ఇంటిపేరు ఎలా మారుతుందండీ?"

"పేరు మనిషిది కాదు కదండీ, పొలానిది. ఆ రోజుల్లో మాకు అంతే. పొలం కొన్నవాడికీ ఆ పేరే, ఇల్లరికం వచ్చినవాడికీ ఆ పేరే. పాత బ్రోటెన్ల వాళ్ళు పిల్లలు లేకుండా పోయారు."

ఓర్లిన్ లేవబోయి, ఇప్పుడు లేస్తే బాగుండదని మళ్ళీ కూచున్నాడు.

సిగుర్డ్ తన కప్పును బల్ల మీదే ఒక చుట్టు తిప్పాడు. "మా పొలం దిగువన ఏటి ఒడ్డున ఒక పాలేరు గుడిసె పునాది ఉంది," అన్నాడు. "ఆ గుడిసెలో పాలేరు కుర్రాడు బ్రోటెన్ వాళ్ళబ్బాయితో కలిసి అమెరికా వెళ్ళాడని, ఆ రాళ్ళు కదపొద్దని, పొలం అమ్మిన ముసలాయన మా నాన్నతో చెప్పాడట. ఇప్పటికీ నేను నాగలి ఆ చుట్టూ తిప్పుకునే పోతాను."

వెర్నా తెలివైన మనిషి. టౌను పిల్లలకి ముప్ఫై ఏళ్ళు లెక్కలు నేర్పింది. ఆమె కళ్ళు సిగుర్డ్ మీంచి వంశవృక్షం మీదికి, అక్కడినుంచి మెల్లగా ఆర్డిస్ మొహం మీదికి వచ్చి ఆగిపోయాయి.

"ఆర్డిస్, సామాన్ల గదిలోకి ఒకసారి రా."

*

పిండి బస్తాల మధ్య ఇద్దరు మనుషులు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. వెర్నా తలుపు దగ్గరగా వేసింది.

"నీల్స్ తమ్ముడు కాదు."

"కాదు వదినా."

"చెప్పు. నాన్న నీతో చెప్పిందంతా చెప్పు."

అవకాశం చేతికి దొరికింది. ముప్ఫై అయిదేళ్ళు ఎదురుచూసిన రోజు వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎన్ని రాత్రులు ఆర్డిస్ దుప్పటి కింద ఇలాంటి జవాబులు అల్లుకుందో లెక్కలేదు. కానీ వెర్నా అలా ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఆ అల్లికలో ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"టొలెఫ్, గున్‌హిల్డ్ వచ్చారు. వాళ్ళతో నీల్స్ కూడా వచ్చాడు. ఏటి గట్టు తవ్వుకుని అందులో ఉన్నారట. ఆ చలికాలంలోనే టొలెఫ్‌కి జ్వరం వచ్చి పోయాడు. నేల రాయిలా గడ్డకట్టి ఉంటే, నీల్స్ దాని మీద రెండు రోజులు మంట వేసి, కరిగించి, గొయ్యి తవ్వాడు. అప్పటికి చర్చి ఎక్కడుంది? మన పైచేలో ఊదాపూల లైలాక్ పొద ఉంది చూడండి, మామయ్య ఎప్పుడూ దున్ననివ్వరు. అదే టొలెఫ్ సమాధి."

వెర్నా బస్తా మీద చెయ్యి ఆనించింది.

"పిల్లలు?"

"అందరూ నీల్స్‌కే. గున్‌హిల్డ్‌ని చేసుకుని పొలంలోకి వచ్చాడు, పొలం పేరు వచ్చింది. ఆ పెద్దాయన ఇందాక చెప్పినట్టే. అంతే వదినా. అబద్ధం ఎవరూ ఆడలేదు, ఎవరూ అడగలేదు."

"టొలెఫ్‌తో వచ్చాడంటున్నావు. ఏమై వచ్చాడు?"

"తోడు వచ్చాడు."

"ఆర్డిస్."

"సాయానికి వచ్చాడు."

"పాలేరు అనవేం?" వెర్నా బస్తాను అరచేత్తో కొట్టింది. "మాకు మూలపురుషుడు పాలేరు. ఏటి ఒడ్డు గుడిసెలోంచి వచ్చిన పాలేరు. అను. నేను నిన్ను ఎన్నిసార్లు అన్నానో అన్నిసార్లూ అను."

"ఆ మాట వినడమే నాకు అలవాటు వదినా. అనడం అలవాటు లేదు."

వెర్నా మొహం తిప్పుకుని జాడీల వైపు తిరిగింది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. ఆర్డిస్‌కి కోపం ఎటు పోయిందో తెలియలేదు. జాలే మిగిలింది, దాంతోపాటు ముప్ఫై అయిదేళ్ళు కలిసి ఉంటే వచ్చేదేదో అదీ మిగిలింది. ఏప్రను కొస ఎత్తి ఆమె చేతికిచ్చింది.

"మామయ్య చిన్నప్పుడు ప్రతి మే నెలలోనూ నీల్స్ తాత ఆయన్ని ఆ పొద దగ్గరికి తీసుకెళ్ళేవాడట. టోపీ తీసి, 'ఇది ఆయన పొలంరా, నేను చూసుకుంటున్నానంతే' అనేవాడట. మీరు టొలెఫ్‌కి రాయి పెట్టించారని తెలిస్తే ఆయనే ఎక్కువ సంతోషించేవాడు వదినా. ఆ సిలువ పీకకుండా ఉంటే చాలు."

"అది కూడా నాన్నే చెప్పాడా?"

"కాదు. ఇది నేనే అంటున్నాను."

వెర్నా ఏప్రనుతో ముక్కు తుడుచుకుంది. "అందుకేనా నాన్న ఆ రోజు నిన్ను రానిమ్మన్నాడు?"

ఆర్డిస్ జవాబు చెప్పేలోపే వాకిట్లో పెద్ద బండి హారన్ మోగింది.

*

నల్లరాయి లారీలో గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఉంది. అక్షరాలు ఎండలో మెరుస్తున్నాయి. రాళ్ళ కొట్టు మనిషి టోపీ వెనక్కి నెట్టి, చీటీ తీశాడు.

"చర్చి తోటకేనా అమ్మా? దారిలోనే కదా, సంతకం చేయించుకుపోదామని ఆగాను."

వెర్నా ఆ చీటీ అందుకోలేదు. సిగుర్డ్ బూట్లు లేకుండా మేజోళ్ళతోనే మెట్ల మీదికి వచ్చేశాడు. ఓర్లిన్ ఎక్కడికీ పారిపోలేదు, అదే గొప్ప.

వేసవి వంటింటి తలుపు తెరుచుకుంది. సెల్మర్ బయటికొచ్చాడు. సిలువను భుజాన వేసుకున్నాడు. అడుగు తీసి అడుగు వేస్తూ వాకిలి దాటి వచ్చి, లారీ పక్కన నిలబడి, రాయి మీద తన నాయనమ్మ పేరు చదువుకున్నాడు. ఆ తర్వాత కూతురి ఎర్రబడ్డ కళ్ళు చూశాడు. చూసి, తల దించుకున్నాడు.

వెర్నా ఆయన దగ్గరికి వెళ్ళి సిలువ రెండో చెయ్యి పట్టుకుంది.

"ఇటియ్యి నాన్నా, బరువు."

ఆయన వదల్లేదు. "దీన్ని మళ్ళీ కొట్టంలో పెట్టనివ్వను."

"పెట్టను. నువ్వు నాతో చెప్పాల్సింది."

"నువ్వు నన్ను అడగాల్సింది."

ఇద్దరూ తగ్గలేదు, ఇద్దరూ సిలువ వదల్లేదు. లారీ మనిషి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. "దించమంటారా, తిప్పి పట్టుకుపొమ్మంటారా? చెక్కిన రాయిని మేము వెనక్కి తీసుకోమమ్మా, ముందే చెబుతున్నాను."

టొలెఫ్ పేరున్న రాయి టొలెఫ్ దగ్గరికి, పైచేలోకి, పోవచ్చు. మరి దాని మీది గున్‌హిల్డ్ మాటేమిటి? చర్చి తోటకి పోతే నీల్స్ మాటేమిటి? రేపు పొద్దున గంట మోగేసరికి ఊరు వచ్చి నిలబడుతుంది. లైలాక్ వాసన పైచేలోంచి వాకిలిదాకా వస్తోంది.

వెర్నా వెనక్కి తిరిగింది. తమ్ముడి వైపు చూడలేదు, అతిథి వైపు చూడలేదు.

"నువ్వు చెప్పు ఆర్డిస్. ఏం చేద్దాం?"

ఆ ఇంట్లో ఏ కప్పు ఎక్కడ పెట్టాలో తప్ప ఇంకేదీ ఆర్డిస్‌ని ఎవరూ అలా అడగలేదు. ఆమె తడి చేతులు ఏప్రనుకి తుడుచుకుని మెట్లు దిగింది.

"ముందు ఆ సిలువ ఎక్కించండి," అంది లారీ మనిషితో. "మామయ్యా, మీరు ముందు సీట్లో కూచోండి. ముందు చర్చి తోట, సిలువని దాని చోట్లో పాతాక రాయి పైచేలోకి. దారి నేను చెబుతాను."